పద్దెనిమిది నిండేలోగా...

పదో తరగతి మెమో వచ్చిన రోజుకీ, ఓటు హక్కు వచ్చే రోజుకీ మధ్య ఉన్నది మూడేళ్లే. ఆ మూడేళ్లలో పిల్లలకు ఫిజిక్సు నేర్పుతున్నాం, కెమిస్ట్రీ నేర్పుతున్నాం. తన సంగతి తాను తేల్చుకోవడం మాత్రం ఎప్పుడు నేర్పుతున్నాం?

సంక్రాంతి సెలవులు అయ్యాయో లేదో, పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఫోన్లు మొదలవుతాయి. ‘ఇప్పుడే సీటు బుక్ చేసుకుంటే ఫీజులో కన్సెషన్ ఉంటుంది సార్’ అంటాడు కాలేజీ పీఆర్వో. నాలుగు రోజులాగి ఇంటికే వస్తాడు. రంగురంగుల కరపత్రం, దాని నిండా ర్యాంకర్ల ఫొటోలు. ఇచ్చిన కాఫీ తాగి కప్పు కింద పెట్టేలోపు అడ్వాన్సు చేతులు మారిపోతుంది. అప్పటికి పబ్లిక్ పరీక్షల హాల్‌టికెట్లు కూడా వచ్చి ఉండవు. ఆ కాలేజీలో చేరాల్సిన పిల్లవాడు పక్క గదిలో చదువుకుంటూ ఉంటాడు. ‘ఎంపీసీయా, బైపీసీయా?’ అని అడగడానికి మాత్రం ఒకసారి పిలుస్తారు. కొన్ని ఇళ్లలో ఆ పిలుపూ ఉండదు.

ఇక్కడ తల్లిదండ్రుల ప్రేమను శంకించాల్సిన పనిలేదు. పొలం అమ్మి ఫీజు కట్టే నాన్నలూ, నగలు కుదువపెట్టే అమ్మలూ ఉన్న నేల ఇది. కానీ పిల్లల తరఫున అన్నీ మనమే తేల్చేస్తే, వాళ్లు తేల్చుకోవడం నేర్చుకునేదెప్పుడు? పద్దెనిమిదో పుట్టినరోజున చట్టం వాళ్లను పెద్దవాళ్లుగా గుర్తిస్తుంది. సంతకానికి విలువొస్తుంది, ఓటొస్తుంది, అప్పు పుడుతుంది, చేసిన తప్పుకు పూచీ కూడా వస్తుంది. ఆ రోజుకు తయారవడానికి ఉన్న గడువు పదిహేను నుంచి పద్దెనిమిది వరకే. సరిగ్గా ఆ మూడేళ్లలోనే మనం వాళ్ల చేతిలోంచి అన్నీ తీసేసుకుంటున్నాం.

గంట కొడితే లేచి, గంట కొడితే పడుకుని...

రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ఒక రోజు ఎలా గడుస్తుందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెల్లవారకముందే లేపుతారు. స్టడీ అవర్, టిఫిన్, క్లాసులు, మళ్లీ స్టడీ అవర్, బాగా పొద్దుపోయాక లైట్లాపడం. వారం వారం టెస్టు. ఎప్పుడో ఒకసారి అవుటింగ్. ఏం తినాలి, ఎప్పుడు చదవాలి, ఏ సబ్జెక్టు ముందు పట్టుకోవాలి అన్నవేవీ విద్యార్థి ఆలోచించాల్సిన విషయాలు కావు. మార్కులు తగ్గితే సెక్షన్ మారిపోతుంది. ఆ మార్పులోనూ అతని మాటకు చోటుండదు.

ఈ పద్ధతి వల్ల మేలు జరగలేదనలేం. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన ఎంతోమంది పిల్లల్ని ఐఐటీలకూ మెడికల్ కాలేజీలకూ చేర్చింది. దాని మూల్యం కూడా మనకు తెలియనిది కాదు. కార్పొరేట్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లోనే నీరదారెడ్డి కమిటీ వేసింది. కోచింగ్ సెంటర్లు పదహారేళ్లలోపు పిల్లల్ని చేర్చుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ వర్తించే సూచనలు చేసింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌ను నియమించాలనీ, మార్కుల్ని బట్టి బ్యాచులుగా విడగొట్టడం మానాలనీ చెప్పింది. మీ అమ్మాయి కాలేజీలో ఆ కౌన్సెలర్ ఎవరో అడిగి తెలుసుకోవడం ఇప్పుడు తల్లిదండ్రుల హక్కు. మనసు బాగోలేనప్పుడు ఏ వేళైనా మాట్లాడటానికి టెలీ మానస్ నంబరు 14416 ఉంది. తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఆ నంబరు ఫీజు రసీదు కంటే ముందు పిల్లల దగ్గరుండాలి.

ఒత్తిడి గురించి ఈమాత్రమైనా మాట్లాడుకుంటున్నాం. మాట్లాడుకోనిది దాని తర్వాత జరిగేదాని గురించి. ఇంటర్ అయ్యాక బీటెక్‌లో చేరిన నెల తిరక్కుండానే చేతికి ఫోనొస్తుంది, ఏటీఎం కార్డొస్తుంది, చాలామందికి బండీ వస్తుంది. నిన్నటిదాకా బాత్రూముకు కూడా అడిగి వెళ్లిన పిల్లవాడిని ఇప్పుడు క్లాసుకెళ్లావా అని అడిగేవాళ్లుండరు. మొదటి సంవత్సరం బ్యాక్‌లాగులు చూసి ‘ఇంటర్‌లో తొమ్మిది వందల యాభై తెచ్చుకున్నవాడికి ఏమైంది?’ అని నాన్న తల పట్టుకుంటాడు. తెలివితేటలు ఎక్కడికీ పోలేదు. ఎవరూ లేపకుండా లేవడం, ఎవరూ చెప్పకుండా చదవడం అతనికి అలవాటు లేని పనులు, అంతే.

రెండు తలుపులు కాదు

పదో తరగతి తర్వాత దారి ఎంపీసీ, బైపీసీ అన్న రెండు మాటల దగ్గర ఆగిపోవడం మన ఇళ్లలోని అలవాటు. బయట ఉన్న తలుపులు చాలా ఎక్కువ.

ప్రభుత్వ బడిలో చదివి మంచి మార్కులు తెచ్చుకున్నవారికి రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. మనమంతా ట్రిపుల్ ఐటీ అని పిలిచేది దీన్నే. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైంది. ఆ తర్వాత ఒంగోలు, శ్రీకాకుళం కూడా చేరాయి. పదో తరగతితోనే చేరి ఆరేళ్లలో బీటెక్‌తో బయటికి రావచ్చు. పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా. అది అయ్యాక ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. పొలమంటే ఇష్టమున్నవారికి వ్యవసాయ పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా, దానిమీద అగ్రిసెట్‌తో బీఎస్సీ అగ్రికల్చర్. చేపల చెరువుల మధ్య పెరిగినవారికి కృష్ణా జిల్లా భావదేవరపల్లిలో మత్స్య పాలిటెక్నిక్.

హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పేరు ఎంతమంది తల్లిదండ్రులు విన్నారు? పదో తరగతి అర్హతతో టూల్, డై, మౌల్డ్ తయారీలో నాలుగేళ్ల డిప్లొమా అక్కడుంది. కారు భాగాలు, సీసా మూతలు, ఫోన్ కవర్లు... అచ్చు లేకుండా ఏ వస్తువూ ఫ్యాక్టరీలోంచి బయటికి రాదు. ఆ అచ్చు తయారుచేసే విద్య ఇది. ప్లాస్టిక్ పరిశ్రమకు సంబంధించిన డిప్లొమాలు సీపెట్‌లో ఉన్నాయి. మగ్గం మీద మనసున్నవారికి వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ, ఉలి పట్టాలనుకునేవారికి తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప కళాశాల ఉన్నాయి.

ఇంటర్‌లోనూ అంతే. సీఈసీ, ఎంఈసీ చదివి సీఏ ఫౌండేషన్ రాసేవాళ్లున్నారు. ఇంటర్ తర్వాత అయిదేళ్ల న్యాయవిద్యకు లాసెట్, క్లాట్ ఉన్నాయి. సైన్సునే నమ్ముకున్నవారికి తిరుపతి ఐసర్ ఉంది. సీయూఈటీ అనే ఒక్క పరీక్షతో 2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీల్లోకి దారి తెరుచుకుంది. లెక్కలూ జీవశాస్త్రమూ రెండూ వదులుకోలేని పిల్లల కోసం ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26 నుంచి ఎంబైపీసీ తెచ్చింది.

ఈ జాబితాలో గమనించాల్సింది తలుపుల లెక్క కాదు. వీటిలో చాలావాటికి లోపలి నుంచి ఇంకో తలుపుండటం. ఐటీఐ చదివినవారు అర్హత పరీక్షతో పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. అక్కణ్నుంచి ఈసెట్‌తో ఇంజినీరింగులోకి వెళ్లొచ్చు. ఒకేషనల్ ఇంటర్ చేసినవారు బ్రిడ్జ్ కోర్సు రాసి రెగ్యులర్ చదువుల వైపు రావచ్చు. పదిహేనేళ్లకు వేసిన అడుగు తప్పయినా దిద్దుకునే వీలుంది. ఈ సంగతి తెలిసిన ఇంట్లో పిల్లలకు ఎంచుకునే స్వేచ్ఛ ఇవ్వడానికి భయముండదు. తెలియని ఇంట్లోనే ‘ఇప్పుడు తప్పు చేస్తే జీవితం పోతుంది’ అన్న మాట వినిపిస్తుంది.

ఆప్షన్లు ఎవరు పెడుతున్నారు?

ఈఏపీసెట్ ర్యాంకులొచ్చాక ఏ పట్నంలోనైనా నెట్ సెంటర్ ముందు ఒక దృశ్యం మామూలు. తండ్రి డబ్బులిస్తాడు, పిల్ల ఓటీపీ చెబుతుంది, వెబ్ ఆప్షన్లు మాత్రం నెట్ సెంటర్ అన్నయ్య పెడతాడు. నాలుగేళ్ల చదువు ఎక్కడ సాగాలో ఆ అరగంటలో, ఆ పిల్ల గురించి ఏమీ తెలియని మనిషి చేతుల్లో తేలిపోతుంది.

నిజానికి ఆ పద్ధతి అర్థంకానిదేమీ కాదు. మీరిచ్చిన వరుసలో పైనుంచి కిందికి చూస్తూ, మీ ర్యాంకుకూ రిజర్వేషనుకూ ఎక్కడ సీటు దొరికితే అక్కడ కంప్యూటర్ ఆగుతుంది. కాబట్టి మనసుకు నచ్చిన కాలేజీని పైన పెట్టినంత మాత్రాన కిందిది పోదు. జాగ్రత్త పడాల్సింది మరోచోట. తర్వాతి విడతలో ఇంకో సీటొస్తే పాతది రద్దవుతుంది. అంటే, వస్తే చేరతాం అనుకున్నవాటినే రెండోసారి పెట్టాలి. కిందటేడు ఏ ర్యాంకుకు ఏ కాలేజీలో సీటు ఆగిందో కౌన్సెలింగ్ వెబ్‌సైటులోనే ఉంటుంది. ఆ వివరాలు చూసి, కాగితం మీద ఇరవై ముప్పై ఆప్షన్ల వరుస రాసుకుని, ఒక్కోదానికీ ఎందుకో పక్కన ఒక ముక్క రాయమని పిల్లలకే అప్పగించండి. ‘ఇంటికి దగ్గర’, ‘హాస్టల్ ఉంది’, ‘నా ఫ్రెండ్ చేరుతోంది’ అన్నీ బయటికొస్తాయి. ఏ కారణం నిలుస్తుందో, ఏది నిలవదో రాసిన పిల్లకే తెలుస్తుంది.

పని తెలిసినవాళ్లు, కాగితం తెలిసినవాళ్లు

పట్నపు పిల్లలకూ పల్లె పిల్లలకూ కొరత ఒకటి కాదు. ఎండాకాలం సెలవుల్లో మిరపకోతకు వెళ్లే అమ్మాయికి రోజుకూలి ఎంతో, మేస్త్రీతో ఎలా మాట్లాడాలో, అలసిపోయినా పని ఎలా పూర్తిచేయాలో తెలుసు. ఆమెకు తెలియనిది ఏ పరీక్షకు ఆఖరు తేదీ ఎప్పుడన్నది. అపార్ట్‌మెంట్లో పెరిగిన అబ్బాయికి అన్ని ఎంట్రన్సుల పేర్లూ నోటికొచ్చు. కానీ ఇంట్లో ఫ్యూజు కొడితే ఎవర్ని పిలవాలో తెలియదు. సిద్ధం చేయడమంటే ఒకరికి సమాచారం అందించడం, ఇంకొకరికి పని అప్పగించడం.

చేతిపని అంటే మనకున్న చిన్నచూపు దేశమంతటా ఉన్నదే. పందొమ్మిది నుంచి ఇరవై నాలుగేళ్ల వయసు కార్మికుల్లో క్రమబద్ధమైన వృత్తి శిక్షణ పొందినవారు భారతదేశంలో 5 శాతం లోపేనని 2020 జాతీయ విద్యా విధాన పత్రమే ఒప్పుకుంది. అమెరికాలో 52, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతమని కూడా అక్కడే రాసింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివారి దగ్గర పని చూడాలన్న ఆలోచనా అందులోదే. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. భవనాలూ యంత్రాలూ మారతాయి. ‘చదువు రాకపోతే ఐటీఐ’ అన్న మాట మారాల్సింది మాత్రం ఇళ్లలోనే.

బడులు ఖర్చు లేకుండా చేయగలిగిన పని ఒకటుంది. వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థుల్లో ఐఏఎస్ అయినవారినో, అమెరికా వెళ్లినవారినో పిలవడం రివాజు. ఈసారి లైన్‌మన్‌ను, ల్యాబ్ టెక్నీషియన్‌ను, బ్యూటీపార్లర్ నడుపుతున్న అక్కను, ఆక్వా చెరువు కౌలుకు తీసుకున్న అన్నను పిలవండి. మొదటి నెల ఎంత సంపాదించారో, ఎక్కడ దెబ్బతిన్నారో, ఏం నేర్చుకుంటే బాగుండేదనిపించిందో చెప్పమనండి. పదో తరగతి పిల్లలు అడిగే ప్రశ్నలు వినితీరాల్సిందే.

సెలవుల్లో పని చూడమంటే బాలకార్మికుల్ని చేయమని కాదు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని కూలికి పెట్టుకోవడం నేరం. పద్దెనిమిదిలోపు వారిని గనుల్లో, మందుగుండు లాంటి ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. బాబాయి కొట్లో వారం రోజులు లెక్క రాయడం, పెళ్లి పనుల్లో కిరాణా సరుకుల బాధ్యత తీసుకోవడం చాలు. పుస్తకంలో దొరకని చదువు అది.

వడ్డీ లెక్క వచ్చా?

పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల గ్రామీణ పిల్లలపై 2023లో జరిగిన అసర్ సర్వే పాఠాలతోపాటు నిత్యజీవితంలోని లెక్కలూ అడిగింది. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారే సగంలోపు. అప్పు తీసుకుంటే తిరిగి ఎంత కట్టాలో చెప్పగలిగినవారు, తీసివేతలు వచ్చిన పిల్లల్లో కూడా, పదింట ఒకరు. ఆ వయసు దాటిన రెండు మూడేళ్లకే వాళ్లలో చాలామంది విద్యారుణం కాగితాల మీద సంతకం పెడతారు.

కాబట్టి ఇంట్లోనే ఒక లెక్క వేయించండి. పది లక్షల అప్పు, ఏడాదికి పది శాతం వడ్డీ, పదేళ్ల గడువు. నెలవారీ కిస్తు 13,215 రూపాయలు. పదేళ్లకు కట్టేది పదిహేను లక్షల ఎనభై ఐదు వేలు దాటుతుంది. చదువుకునే కాలంలో కిస్తు కట్టక్కర్లేకపోయినా వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఆ కోర్సు చదివితే వచ్చే మొదటి జీతంలో ఈ 13,215 ఎంత భాగమవుతుంది? ఈ ప్రశ్నకు పిల్లవాడే జవాబు వెతికితే, మేనేజ్‌మెంట్ కోటా గురించీ విదేశీ చదువు గురించీ ఇంట్లో నడిచే మాటల తీరే వేరుగా ఉంటుంది. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపుంటే, ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చదివేవారికి పది లక్షల వరకు రుణంపై మూడు శాతం వడ్డీ రాయితీ ఇచ్చే పీఎం విద్యాలక్ష్మి పథకం 2024 నవంబరులో ఆమోదం పొందింది. దాని పోర్టల్ తెరిచి నిబంధనలు చదవడం కూడా ఒక అభ్యాసమే.

డబ్బు చేతికివ్వకుండా డబ్బు నేర్పలేం. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవడానికి బ్యాంకులు వీలు కల్పించవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. అందులో నెలకింత అని వేసి, నోట్‌బుక్కులు, బస్ చార్జీ, ఫోన్ రీచార్జి అన్నీ దాంట్లోంచే అనండి. ఇరవయ్యో తారీఖుకే అయిపోతే మళ్లీ వేయకండి. ఆ పది రోజుల ఇబ్బంది ఇప్పుడు పడటమే చవక.

అమ్మాయిల విషయంలో

నిర్ణయం చేతిలో లేకపోవడమంటే ఏమిటో ఆడపిల్లలకు బాగా తెలుసు. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతమని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కాలేజీ ఉన్న ఊరికి బస్సుందా లేదా అన్నదాన్ని బట్టి పెళ్లి ముహూర్తం నిర్ణయమయ్యే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అన్నకు హైదరాబాద్ హాస్టలు, చెల్లికి ఊళ్లో డిగ్రీ అన్న లెక్క చదువుకున్న కుటుంబాల్లోనూ నడుస్తోంది. ఒంటరిగా బస్సెక్కడం, ఆఫీసుకెళ్లి గుమస్తాతో మాట్లాడటం, తన పేరున్న ఖాతా తానే చూసుకోవడం లాంటి చిన్న పనులు అబ్బాయిలకంటే ముందు అమ్మాయిలకు అప్పగించాలి. దూరం పంపడానికి ఇంట్లోవాళ్ల భయాన్ని తగ్గించేది కూడా ఆ పనులే.

అదే సమయంలో అబ్బాయిలకు వంటిల్లు అప్పగించాలి. డల్లాస్‌కో మెల్‌బోర్న్‌కో వెళ్లాక, అమ్మకు వీడియో కాల్ చేసి పప్పులో ఎన్ని నీళ్లు పోయాలని అడిగే ఇంజినీర్లు మనకు కొదవలేదు.

ఏ వయసుకు ఏ పని

పదిహేను: పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో పిల్లలే చూసుకోవాలి. జీవితాంతం ప్రతి దరఖాస్తుకూ ఆ మెమోనే ఆధారం. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవకో సచివాలయానికో వాళ్లే వెళ్లాలి. మీరు పక్కన నిలబడితే చాలు.

పదహారు: ఈ వయసులో లైసెన్సు దొరికేది గేర్లు లేని 50 సీసీలోపు బండికి మాత్రమే. మీ ఇంట్లో ఉన్న స్కూటర్ సాధారణంగా అంతకంటే పెద్దది. మైనర్ నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా అని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం చెబుతోంది. ఆ పిల్లలకు ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సూ రాదు.

పదిహేడు: ఓటరుగా ముందస్తు దరఖాస్తు ఇప్పుడే పెట్టుకోవచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీల్లో ఏ తేదీకి పద్దెనిమిది నిండితే అప్పటికి పేరు జాబితాలోకి చేరుతుంది.

పద్దెనిమిది: ఒప్పందం చేసుకునే అర్హత వస్తుంది. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకూడదు. కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టేపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది, ఆ మాట గట్టిగా అడగగలగాలి. ఆన్‌లైన్‌లో మోసపోతే సిగ్గుపడి దాచకుండా 1930కి ఫోన్ చేయాలి.

కాదనాలనిపించినప్పుడు

ఇవన్నీ చేశాక ఒక రోజు వస్తుంది. మీరు ఊహించని కోర్సు పేరు పిల్లల నోట్లోంచి వస్తుంది. ‘నాకు ఇంజినీరింగ్ వద్దు నాన్నా’ అంటారు. అప్పటిదాకా అప్పగించిన పనులన్నీ ఉత్తుత్తివో కాదో తేలేది ఆ రోజే. వెంటనే ఒప్పేసుకోనక్కర్లేదు, వెంటనే కొట్టిపారేయనూ కూడదు. ఆ చదువు ఎక్కడుంది, మొత్తం ఎంత ఖర్చవుతుంది, అది కుదరకపోతే తర్వాతి దారేమిటి... ఈ మూడింటికీ జవాబులు తెచ్చుకోమని పదిహేను రోజులు గడువివ్వండి. ఆ పని ఇప్పుడు చేసేవాళ్లను ఒకరిద్దరినైనా కలిసి రమ్మనండి.

జవాబులు తెస్తే, మీకు నచ్చినా నచ్చకపోయినా అది ఆలోచించి చేసిన నిర్ణయం. ఒప్పుకోండి. తేలేకపోతే, ఎవరూ వద్దనకుండానే ఆ కోరిక వాళ్లే వదులుకుంటారు. ఎటు జరిగినా తేల్చుకున్నది వాళ్లే అవుతారు. రేపు ఉద్యోగం మారడానికైనా, అప్పు తీసుకోవడానికైనా, జీవిత భాగస్వామిని ఎంచుకోవడానికైనా వాళ్లకు కావాల్సింది ఈ పదిహేను రోజుల్లో చేసిన పనే. ఇంటర్ సిలబస్‌లో దానికి పీరియడ్ లేదు. అది ఇంట్లోనే జరగాలి, పదో తరగతి ఫలితాలకు ముందే మొదలవ్వాలి.